చక్రన్నకు పెట్టిన విస్తరి

సినిమా హీరో చక్రధర్ పోయాడన్న కబురు వచ్చేసరికి తుకారాం బోధన్ బస్టాండు బయట తన చెరుకు రసం బండి దగ్గర నాలుగు గ్లాసుల బేరంలో ఉన్నాడు. చెప్పింది ఒక బస్సు కండక్టరు. "మీ హీరో పోయిండట గద తుకారామన్నా, టీవీల చెప్తుండ్రు" అని, తన గ్లాసు తాను తీసుకుని వెళ్లిపోయాడు. తుకారాం కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏడుపు గొంతు దాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే ఇంట్లో ఉన్న వదిన లింగవ్వ గుర్తుకొచ్చింది. ఇంకేముంది, వచ్చిన ఏడుపు అక్కడే ఆగిపోయింది. మింగలేడు, కక్కలేడు. మిగిలిన మూడు గ్లాసులూ నింపి ఇచ్చాడు గాని, అల్లం వేయడం మరిచిపోయాడు.

యాభై ఎనిమిదేళ్ల మనిషి, అందులోనూ సగం తల నెరిసినవాడు, సినిమా హీరో కోసం ఏడవడమేమిటని మీరు నవ్వొచ్చు. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ ఒక్క మాట. తుకారాంకు నాలుగు అక్షరం ముక్కలు వచ్చాయంటే ఆ చక్రధర్ వల్లే వచ్చాయి. కడుపు మీద దెబ్బ పడిందంటే అదీ ఆ చక్రధర్ వల్లే పడింది. ఆ మనిషికి దండం పెట్టాలా, దుమ్మెత్తి పోయాలా అన్నది ఇరవై రెండేళ్లుగా తేల్చుకోలేక నలిగిపోతున్నాడు. ఇప్పుడు ఆయన కాస్తా చచ్చి కూర్చున్నాడు. బతికున్నన్నాళ్లూ వాయిదా వేసిన పంచాయితీ ఒక్కసారిగా నెత్తి మీద పడింది.

తుకారాంది ఎడపల్లి. నాలుగో ఏటనే తల్లి పోయింది. అన్న హన్మాండ్లు చాలా పెద్దవాడు. అతని భార్యగా లింగవ్వ ఆ ఇంటికి వచ్చేనాటికి తుకారాంకు ఏడేళ్లు, చీమిడి ముక్కు, చిరిగిన లాగు. లింగవ్వ మాత్రం ఏమంత పెద్దదని, పదిహేనేళ్ల పిల్ల. ఆ పిల్లే వీడికి తల్లయింది. తలకు నూనె రాసింది, పేలు కుక్కింది, వీపు మీద రెండు తగిలించి బడికి తోలింది. బడి మాత్రం అబ్బలేదు. రెండో తరగతిలో పంతులు బెత్తం పట్టుకుంటే తుకారాం బర్రె తోక పట్టుకున్నాడు.

పన్నెండో ఏట అన్న చెరుకు బండి మీద ఎక్కించుకుని బోధన్ తీసుకుపోయి టాకీసులో చక్రధర్ సినిమా చూపించాడు. అందులో చక్రధర్ కూలివాడు. దొర ముందు తలెత్తి నిలబడి, తక్కెడ లాక్కుని, తప్పుడు రాళ్లను బావిలో పారేస్తాడు. టాకీసు దద్దరిల్లింది. బయటికి వస్తుంటే పాటల పుస్తకం అమ్ముతున్నారు. తుకారాం మారాం చేసి కొనిపించుకున్నాడు. చదువు రాదు గాని పాటలు మాత్రం రేడియోలో విని రెండు రోజుల్లో నోటికి వచ్చేశాయి. ఇంకేం, పొయ్యి దగ్గర లింగవ్వ బీడీలు చుడుతుంటే ఎదురుగా కూర్చుని, అక్షరాల కింద వేలు జరుపుతూ పాడేవాడు. నోట్లో పాట ఉంది, వేలి కింద అక్షరం ఉంది. ఆ రెంటికీ ఎప్పుడు ఎక్కడ స్నేహం కుదిరిందో అతనికే తెలియదు.

లింగవ్వ మొదట నమ్మలేదు. బట్టీ పట్టినవాడు ఎవడైనా పాడతాడంది. లోపలికి వెళ్లి రేషన్ కార్డు తెచ్చి చేతిలో పెట్టింది. తుకారాం వేలు పెట్టి, కూడబలుక్కుని, చెమటలు కక్కుతూ చదివాడు. లిం, గ, వ్వ. ఆమె కార్డు తీసుకుని ఆ మూడు అక్షరాలనూ అటూ ఇటూ తిప్పి చూసుకుంది. తన పేరు అట్లా ఉంటుందని అప్పటిదాకా ఆమెకు తెలియదు. "నీ హీరోకు పుణ్యముంటది పో" అంది. ఈ మాట గుర్తుంచుకోండి. చక్రధర్‌ను ఆ ఇంట్లో మొదట దీవించింది లింగవ్వే.

ఆ చదువే అతనికి కూడు పెట్టింది. ఊరికి కోసెడు దూరంలో వాగొడ్డున ఒక చక్కెర ఫ్యాక్టరీ ఉండేది. చిన్న మిల్లు అనేవాళ్లు. హన్మాండ్లు అందులో రసం ఉడికించే దగ్గర పర్మనెంటు. తుకారాంకు కాటా దగ్గర పని దొరికింది. చెరుకుతో నిండిన బండిని కాటా మీదికి ఎక్కించి ఒక తూకం, చెరుకు దింపాక ఖాళీ బండిని ఎక్కించి ఇంకో తూకం. అందులోంచి ఇది తీసేస్తే చెరుకు ఎంతో తేలుతుంది. చీటీ రాసి రైతు చేతిలో పెట్టాలి. ఆ చేతితోనే సాయంత్రం చక్రధర్ అభిమాన సంఘం బోర్డులు రాసేవాడు. ఎడపల్లి శాఖకు అధ్యక్షుడు కూడా అతనే. పెండ్లి ఒకటి చేశారు గాని, మొగుడి పెట్టెలో తన చీరల కన్నా ఎక్కువ పోస్టర్లు చూసి ఆ పిల్ల రెండేళ్లకే పుట్టింటికి పోయింది, తిరిగి రాలేదు. పాపం, ఆమెను అనడానికేమీ లేదు.

తరవాత చక్రధర్ రాజకీయాల్లోకి వచ్చాడు. ఓట్లకు నిలబడ్డ ఏడు ప్రచారానికి ఎడపల్లి వచ్చి, అధ్యక్షుడి ఇంట్లో అన్నం తింటానన్నాడు. ఊరు ఊరంతా గోడలెక్కింది. లింగవ్వ కోడిని కోసింది, జొన్న రొట్టెలు చేసింది, పెరట్లో పుంటికూర కోసి ఎర్రకారం వేసి వండింది. గోంగూర అని పట్నం వాళ్లు అంటారే, అదే. చక్రధర్ కోడికూర పక్కకు నెట్టి, పుంటికూర రెండోసారి అడిగి వేయించుకున్నాడు. చెయ్యి కడుక్కుని, లింగవ్వకు దండం పెట్టి, అందరూ వినేటట్టు అన్నాడు. "ఈ ఇంటి ఉప్పు తిన్నానమ్మా. నేను బతికుండగా మీ చిన్న మిల్లు పొయ్యి ఆరనివ్వను." ఆయన తిన్న పళ్లేన్ని తుకారాం కడగనివ్వలేదు. మేకు కొట్టి గోడకు తగిలించాడు. ఎంగిలి పళ్లెం ఇంట్లో ఏందిరా అని వదిన తిట్టింది గాని, నవ్వుతూనే తిట్టింది.

చక్రధర్ గెలిచాడు, మంత్రయ్యాడు. రెండేళ్లు తిరక్కుండానే చిన్న మిల్లును అమ్మకానికి పెట్టారు. కొన్నవాడు ఒక్క సీజన్ నడిపి తాళం వేశాడు. కూలీలు జెండాలు పట్టుకుని గేటు ముందు కూర్చున్నారు. వాళ్లలో హన్మాండ్లు మొదటి వరసలో ఉన్నాడు. చక్రన్న వస్తడు, మాట ఇచ్చిండు గద అని తుకారాం అందరికీ ధైర్యం చెప్పాడు. చక్రన్న రాలేదు. టీవీలో కనిపించాడు. పని చేయాలనే మనసు లేనివాళ్లే జెండాలు పట్టుకుంటారని, నష్టాల మిల్లును ఎంతకాలం మోస్తామని, చేతిలో తక్కెడ లేదు గాని సినిమాలో మాదిరే తలెత్తి నిలబడి చెప్పాడు.

హన్మాండ్లు ఇంటికి వచ్చి, గోడ మీది పళ్లెం తీసి, పెరట్లో మేకకు తవుడు కలిపి పెట్టాడు. అంతే. ఆ రోజు నుంచి టీవీలో చక్రధర్ పాట వస్తే లేచి బయటికి పోయేవాడు. తరవాత నిజామాబాద్‌లో ఒక గోదాముకు వాచ్‌మన్‌గా కుదిరాడు. ముప్పై ఏళ్లు పొయ్యి ముందు నిలబడ్డ మనిషి, కుర్చీలో కూర్చుని కూర్చుని, ఆరో ఏట గుండె ఆగి పోయాడు. మనిషి మిల్లు కోసమే పోయాడో, పోయే కాలం వచ్చి పోయాడో ఎవరు చెప్పగలరు. లింగవ్వ బీడీల మీద ఇల్లు నడిపింది. తుకారాం చెరుకు రసం మెషిన్ కొన్నాడు. దాని పెట్టె మూతకు చక్రధర్ బొమ్మ అంటించాడు, పైకి కాదు, లోపలి వైపు. మూత ఎత్తినప్పుడు అతనికి మాత్రమే కనబడేటట్టు. లింగవ్వకు ఆ సంగతి తెలుసో లేదో పదహారేళ్లుగా అతనికి తెలియదు.

చక్రధర్ చచ్చిపోయిన నాటి నుంచీ బస్టాండులో ఇదే పంచాయితీ. ఆడపిల్లల హాస్టలు కట్టించింది ఆయన కాదా అని ఒకరు. మిల్లు మూయించింది ఆయన కాదా అని ఇంకొకరు. మిల్లు ఆయన లేకున్నా మూతపడేదే అని మూడోవాడు. తుకారాం ముగ్గురికీ తలూపాడు. తలూపి తలూపి మెడ నొచ్చింది గాని, లోపల ఏదీ తేలలేదు. బండి వేరు, చెరుకు వేరు అని తూచడం అతనికి వచ్చు. బండిని ఖాళీ చేస్తే తెలిసిపోతుంది. మనిషిని ఎట్లా ఖాళీ చేస్తాం? అక్షరాలు నేర్పిన చక్రధర్‌ను దింపి పక్కన పెడితే, మిగిలినవాడు ఎంత? అసలు అందులో బండి ఏది, చెరుకు ఏది?

తొమ్మిదో రోజున నిజామాబాద్ నుంచి బాలనర్సయ్య ఫోన్ చేశాడు. ఫోటోలకు ఫ్రేములు కట్టే దుకాణం ఆయనది, జిల్లా అభిమాన సంఘానికి ఆయనే పెద్ద. సంఘం అంటే ఇప్పుడు ముప్పై మంది, అరవై మోకాళ్ల నొప్పులు. విషయం ఏమిటంటే, చక్రధర్ ఇంటివాళ్లు బూడిద గంగలో కలిపారు గాని పిట్టకు పెట్టలేదట. మన వైపు అది చిన్న సంగతి కాదు. చచ్చినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి, విస్తరిలో పెట్టి, దూరంగా నిలబడతాం. కాకి వచ్చి ముట్టిందా, పోయిన మనిషి తృప్తిగా పోయినట్టు. ముట్టలేదా, ఏదో కోరిక మిగిలినట్టు. అప్పుడు బతికున్నవాళ్లు ఒక్కొక్కరే ముందుకు వచ్చి, నీ పిల్లలను చూసుకుంటాం, నీ పొలం అమ్మం అని మాట ఇస్తారు. కాకి ముట్టిందాకా ఇస్తూనే ఉంటారు.

పదకొండో రోజున నందిపేట్ దగ్గర గోదావరి ఒడ్డున సంఘం తరఫున పెడదామన్నాడు బాలనర్సయ్య. బిర్యానీ, మటను, కల్లు అన్నీ తాము తెస్తారు. అయితే చక్రన్నకు నిజంగా ఏం ఇష్టమో ముప్పై మందిలో ఒక్కరికీ తెలియదు. ఏ సినిమా ఎన్ని రోజులు ఆడిందో చెప్పమంటే చెబుతారు, అన్నంలో ఏం కలుపుకుంటాడో తెలియదు. తెలిసిన మనిషి ఒక్కతే ఉంది. మీ వదినతో ఆ పుంటికూర వండించుకుని రా అని చెప్పి ఫోన్ పెట్టేశాడు.

తుకారాంకు ఆ పూట నుంచి తిండి సయించలేదు. అడిగితే వదిన ఏమంటుందో. ఏమీ అనకుండా తన పళ్లేన్ని కూడా మేక ముందు పెడుతుందేమో. అడగకుండా హోటల్లో వండించుకుపోతే? అది ఆమెకు తెలిస్తే ఇక ఆ గడప తొక్కే మొహం ఉండదు. పోనీ పోకుండా ఉంటే? లిం, గ, వ్వ అని కూడబలుక్కున్న నోటితో, ఆ మనిషి ఆకలితో పోతే పోనీ అనగలడా? అన్న ముఖం ఒకవైపు, ఆ పాటల పుస్తకం ఒకవైపు. ఎటు మొగ్గినా రెండో వైపు గుండె కోసినట్టే ఉంది. ఇంతటి చిన్న సంగతికి ఇంత బాధేమిటి అనుకునేవాళ్లు తల్లి కాని తల్లి చేతి అన్నం తిని ఉండరు.

పదో రోజు మధ్యాహ్నం, చాటలో బీడీ ఆకు కత్తిరిస్తున్న లింగవ్వ ముందు కూర్చుని, వానల గురించి, మోకాళ్ల గురించి, బస్సుల గురించి మాట్లాడి, చివరికి అసలు మాట చెప్పేశాడు. కత్తెర ఆగలేదు. ఆయనకు పెట్టేవాళ్లు ఎవరూ లేరా అని అడిగింది. ఉన్నారు గాని పెట్టలేదట అన్నాడు.

"గంత పెద్దోడు ఉపాసం పోయిండా" అంది లింగవ్వ.

అది జాలో, ఎత్తిపొడుపో తుకారాంకు అంతు పట్టలేదు. ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె ఆకును చూస్తోంది.

తెల్లారి లేచేసరికి ఆమె పెరట్లో వంగి పుంటికూర తుంచుతోంది. వండింది, రొట్టెలు చేసింది, టిఫిన్ డబ్బాలో సర్దింది. తుకారాం వాకిట్లో నిలబడి ఎంత చూసినా వీపు తప్ప ఏమీ కనబడలేదు. డబ్బా తీసుకోబోతే ఇవ్వలేదు. తానూ వస్తానంది. రెండు బస్సులు మారి నందిపేట్ చేరేదాకా డబ్బా ఆమె ఒడిలోనే ఉంది.

ఒడ్డున బాలనర్సయ్య అప్పటికే కొత్త ఫ్రేము కట్టిన చక్రధర్ ఫోటోకు దండ వేసి నిలబెట్టాడు. విస్తరిలో బిర్యానీ, మటను, లడ్డూలు. పక్కన కల్లు సీసా, అంటించిన సిగరెట్టు. తుమ్మ చెట్టు మీద రెండు కాకులున్నాయి. ఎప్పుడూ పిలవకుండానే ఎగబడే కాకులు, ఆ రోజు మెడ వంచి చూస్తూ కూర్చున్నాయి. అరగంటైంది, గంటైంది. సిగరెట్టు తనంతట తానే కాలిపోయింది.

మాట ఇవ్వడం మొదలైంది. నిజామాబాద్‌లో విగ్రహం పెట్టిస్తామన్నాడు ఒకడు. పాత సినిమాలు మళ్లీ ఆడిస్తామన్నాడు ఇంకొకడు. నీ కొడుకును గెలిపిస్తామన్నాడు బాలనర్సయ్య. కాకులు కదల్లేదు. పక్కన వల అల్లుకుంటున్న ఒక చేపలాయన, కడుపు కొట్టినోని విస్తరి కాకి గూడ ముట్టదని ఎవరికో చెబుతున్నట్టు అన్నాడు. ఇంక చూసుకోండి. ఎవరి కడుపు కొట్టాడని ఒకరు, నష్టాల మిల్లని ఇంకొకరు, నలుగురూ నాలుగు గొంతులతో లేచారు. చివరికి బాలనర్సయ్య తుకారాం భుజం పట్టుకుని ముందుకు లాగాడు.

"నువ్వు చెప్పన్నా. మిల్లుల పనిచేసినోనివి, సంఘం పెట్టినోనివి. మంచోడా కాదా, నీ నోటితోని చెప్పు."

తుకారాం నోరు తెరిచాడు. ముప్పై మంది చూస్తున్నారు, ఫోటోలో చక్రధర్ చూస్తున్నాడు, వెనక వదిన ఉంది. మంచోడు అనబోతే గేటు ముందు కూర్చున్న అన్న అడ్డం వచ్చాడు. కాదు అనబోతే పొయ్యి ముందు వెలుగులో ఆ మూడు అక్షరాలు అడ్డం వచ్చాయి. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. అంతమందిలో అట్లా నిలబడటం ఎంత సిగ్గో, పగవాడికి కూడా వద్దు.

లింగవ్వ లేచింది. ఎవరినీ అడగలేదు. విస్తరి దగ్గరికి వెళ్లి, బిర్యానీని చేత్తో పక్కకు జరిపి, డబ్బా విప్పి రొట్టె పెట్టింది, దాని మీద పుంటికూర వేసింది. ఫోటో ముందు కూర్చుని చిన్నగా ఏదో అంది. రెండు అడుగుల దూరంలో ఉన్న తుకారాంకు మాత్రమే వినిపించింది.

"అయ్యా, గీ కూరల ఉప్పెయ్యలే. గిది తింటె మాట నిలుపుకునే పని లేదు. తిని పో."

చీర కొంగు దులుపుకుని వచ్చి దూరంగా నిలబడింది. కాసేపటికి ఒక కాకి దిగింది. విస్తరి చుట్టూ ఒకసారి తిరిగి, రొట్టె ముక్క పొడిచింది. రెండోది కూడా దిగింది. ముసలి అభిమానులంతా చప్పట్లు కొట్టారు, ఇద్దరు ఏడ్చారు. బాలనర్సయ్య పరుగున వచ్చి, అక్క ఏం మాట ఇచ్చిందని అడిగాడు. తుకారాం తడుముకున్నాడు.

"మంచి మాటనే ఇచ్చింది" అన్నాడు.

తిరుగు బస్సులో అతనికి బుర్ర తిరిగిపోయింది. కాకి ఎందుకు ముట్టినట్టు? వదిన క్షమించిందని చక్రన్న తృప్తి పడ్డాడా? మాట బరువు దిగిందని సంబరపడ్డాడా? లేక గంటన్నర చూసి చూసి కాకికే ఆకలైందా? వదిన దీవించిందా, తిట్టిందా? రెండూ కాదా? అడుగుదామని నాలుగుసార్లు ఆమె వైపు తిరిగాడు. ఆమె కిటికీకి తల ఆనించి నిద్రపోయింది.

ఎడపల్లి చేరేసరికి పొద్దు వాలింది. పొద్దున్నుంచి ఇద్దరూ ఏమీ తినలేదు. లింగవ్వ రెండు పళ్లేలు పెట్టి, పొద్దున మిగిలిన రొట్టెలు, గిన్నెలో మిగిలిన పుంటికూర వడ్డించింది. తుకారాం ఒక ముద్ద పెట్టుకున్నాడు. పులుపు పళ్లకు పట్టింది, కారం నాలుకకు తగిలింది, అంతే. వట్టి చప్పన. మింగాడు. ఉప్పు డబ్బా ఆమె పక్కన ఉంది. అడగడానికి నోరు రాలేదు. ఈ ఇంట్లో ఉప్పు అడిగే హక్కు తనకుందా? బండి పెట్టె మూత లోపలి బొమ్మ కళ్ల ముందు కదిలింది. తలొంచుకుని ఇంకో ముద్ద చప్పగానే కలిపాడు.

లింగవ్వ చూస్తూనే ఉంది. డబ్బా మూత తీసి, అతని పళ్లెం పక్కకు జరిపింది.

"నువ్వేసుకో" అంది. "నువ్వీడ ఉండెటోనివి."

తుకారాం చిటికెడు ఉప్పు తీసుకున్నాడు. పదకొండు రోజులుగా గొంతులో ఆగి ఉన్న ఏడుపు అప్పుడు బయటికి వచ్చింది. చక్రధర్ కోసమో, అన్న కోసమో అతనికే తెలియదు. ఏడుస్తూనే కూరలో ఉప్పు కలుపుకుని తిన్నాడు.